పల్లేరు కషాయం రిజిస్టరు

మా వీధి చివరింట్లో ఉండే అమ్మాయికి ఈమధ్యే ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చింది. డ్యూటీ నుంచి వెళ్తూ అప్పుడప్పుడు మా గేటు దగ్గర ఆగుతుంది. రిటైరైనవాడిని పలకరిస్తే పుణ్యమని వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. మొన్న ఆగి, ఫోను నా చేతిలో పెట్టింది.

"అంకుల్, ఇది జరా చదివి చెప్పండి. నాకు తెలుగు చదవడం స్లో. మన అండమాన్ పేరు కనిపిస్తే ఆగాను."

కళ్ళజోడు పెట్టుకొని ఆ మెసేజీ చదివాను. మూత్రంలో మంటకు పల్లేరు కాయల కషాయాన్ని మించింది లేదట. దానికితోడు బార్లీ నీళ్ళు, ధనియాల నీళ్ళు. అంతవరకు మా ఇళ్ళలో తెలిసిందే. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. సునామీ తర్వాత అండమాన్ షెడ్లలో ఈ కషాయం ఇస్తే దాదాపు అందరికీ తగ్గినట్టు రుజువైందని ఉంది.

"సచ్ హై క్యా అంకుల్? కౌంటర్ దగ్గర లేడీస్ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

రేపు చెప్తానన్నాను. రేపు వచ్చింది, మర్నాడు కూడా వచ్చింది. ఆ అమ్మాయి గేటు దగ్గరికి వచ్చే వేళకు నేను పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నట్టు నటించాను. ఎందుకంటే ఆ రుజువు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. దాన్ని రాసినవాడిని నేనే. ఇకమీదట నటించే ఓపిక లేక, ఆ అమ్మాయికీ, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్ళకూ ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికి మాత్రం గేటు దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించాలి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ డిస్పెన్సరీల్లో మందులిచ్చాను. పుట్టింది, పెరిగింది ఇక్కడే, అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో. మా తాతముత్తాతలది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. మా ఇంట్లో ఇంగ్లీషు మందులు ఇచ్చేవాణ్ణి నేనొకణ్ణి ఉన్నా, చిన్నాచితకా జబ్బులకు డాక్టరు మా అమ్మే. వైజాగ్ నుంచి ఓడలో ఎవరు వస్తున్నా వాళ్ళకు ఆవిడ చీటీ ముందే వెళ్ళిపోయేది. అందులో చింతపండు తర్వాత పల్లేరు కాయలు తప్పకుండా ఉండేవి. వాటిని దంచేటప్పుడు ముళ్ళు గుచ్చుకుంటే మమ్మల్ని తిట్టేది. గుప్పెడు కాయలు కచ్చాపచ్చాగా దంచి, నాలుగు గ్లాసుల నీళ్ళలో వేసి, ఒక గ్లాసయ్యేదాకా మరగబెట్టి, వడగట్టి ఇచ్చేది. ఆ తర్వాత రోజంతా బార్లీ నీళ్ళు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నడుము మీద చెయ్యి వేసుకొని ఎదురుగా నిలబడేది. ఈ నిలబడడం సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

సునామీ వచ్చిన కొన్ని నెలలకు నన్ను బతు బస్తీ దాటాక వేసిన రేకుల షెడ్ల దగ్గరికి డ్యూటీ వేశారు. దీవుల నుంచి ఓడల్లో తెచ్చిన కుటుంబాలు కొన్ని అక్కడ ఉండేవి. తిరిగి వెళ్ళడానికి అక్కడ ఇల్లు లేదు, ఇక్కడ ఉండడానికి షెడ్డు తప్ప ఏమీ లేదు. పదేసి గదులు ఒక వరుస. గోడా రేకే, కప్పూ రేకే. పగలు పదకొండు దాటితే లోపల మనిషి ఉడికిపోతాడు. ఒక చివరి గదిని డిస్పెన్సరీ అన్నారు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, మందుల పెట్టెలు, కిరోసిన్ స్టవ్వు, ముగ్గురు మనుషులం.

ఒకరు డాక్టరు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన తెలుగు కుర్రవాడు, ఓడ దిగి ఇంకా నడకలో తూగు పోని రోజులు. రెండోవారు సిస్టర్. గర్భిణులనూ, పిల్లల టీకాలనూ చూసే ఆరోగ్య కార్యకర్త. నాలాగే దీవుల్లో పుట్టిన తెలుగు మనిషి. షెడ్లలో అందరికీ దీదీ. తెలుగులో మొదలుపెట్టి హిందీలో తిట్టి మళ్ళీ తెలుగులో బతిమాలేది. మూడోవాణ్ణి నేను, అనుభవజ్ఞుణ్ణి. ఆ మాట ఎవరూ అనకపోతే నేనే అనుకునేవాణ్ణి.

ఎండలు ముదిరేసరికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలైంది. బల్ల దగ్గరికి వంగి, వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినపడకుండా, "మంటగా ఉంటోంది" అనేవాళ్ళు. ఎక్కడని అడగాల్సిన పని ఉండేది కాదు. డాక్టరు మూత్ర పరీక్ష చేయిద్దామనేవాడు. సీసా ఇస్తే తీసుకొని వెళ్ళేవాళ్ళు, తిరిగి తెచ్చేవాళ్ళు కాదు. మగవాళ్ళు పేకాడుకుంటూ కూర్చున్న వరుస మధ్య నుంచి ఆ సీసా పట్టుకొని ఎవరు నడుస్తారు? తెచ్చిన ఒకటి రెండు సీసాలు పెద్దాసుపత్రికి వెళ్ళి, రిపోర్టు వచ్చేసరికి రోజులు గడిచేవి. పరీక్ష లేకుండా అందరికీ యాంటీబయాటిక్ ఇవ్వడానికి డాక్టరుకు మనసొప్పలేదు. ఇద్దామన్నా మా పెట్టెలో అన్ని లేవు.

అప్పుడు నేను మా అమ్మ కషాయం సంగతి ఎత్తాను. కొట్టిపారేస్తాడనుకున్నాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. మీ అమ్మగారికి తగ్గినవాళ్ళే గుర్తుంటారు. మనం రాసి చూద్దామండీ" అన్నాడు. "సగం మందికి కషాయం, సగం మందికి ఉత్త బార్లీ నీళ్ళు ఇద్దాం. ఎవరికి ఎంత తగ్గిందో తెలుస్తుంది."

"మందుకని వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చి పంపడం పాపం సార్" అన్నాను. నిజానికి మా అమ్మ మందుకు పరీక్ష పెట్టడం నాకు నచ్చలేదు. కొంచెం వాదించాను. అతను చిన్నవాడు, మెత్తనివాడు, సరేనన్నాడు. అయితే మూడు షరతులు పెట్టాడు. జ్వరం, నడుము నొప్పి, మూత్రంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా నేరుగా తన దగ్గరికి పంపాలి. గర్భిణులైతే ఏమీ లేకపోయినా పంపాలి. ప్రతి మనిషినీ మూడో రోజున మళ్ళీ చూసి ఎలా ఉందో రాయాలి.

నేను పొడుగు రిజిస్టరుకు గీతలు కొట్టాను. పేరు, వయసు, ఏ వరుస, ఎన్నాళ్ళ నుంచి, జ్వరం, గర్భం, మూడో రోజు ఎలా ఉంది. నా గీతలు తిన్నగా ఉంటాయని ఆఫీసులో పేరు. పల్లేరు కాయలు అబర్డీన్ బజార్‌లో మనవాళ్ళ దుకాణంలో దొరికాయి. మా అమ్మ దంచి ఇచ్చిన పొడిని సంచిలో వేసుకొని బస్సులో తెచ్చేవాణ్ణి. పొద్దున్నే స్టవ్వు మీద గిన్నె పెడితే వరుసలన్నిటికీ ఆ వాసన పాకేది. ఆడవాళ్ళు స్టీలు డబ్బాలు తెచ్చుకొని, కషాయం పోయించుకొని వెళ్ళేవాళ్ళు.

మొదటి వారం మూడో రోజుకు వచ్చినవాళ్ళలో చాలామంది తగ్గిందన్నారు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. సగం మంది రానే లేదు. వాళ్ళ ఎదుట కాలమ్ ఖాళీగా మిగిలింది.

మన డిస్పెన్సరీల్లో ఒక అలవాటుంది, మీలో పాతవాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళకు తెలుసు. జ్వరానికి మందు తీసుకున్నవాడు మళ్ళీ రాకపోతే నెలాఖరు రిపోర్టులో వాడికి నయమైనట్టే. బాధ ఉంటే వస్తాడు కదా అన్నది లెక్క. నాకు ఉద్యోగం నేర్పిన పెద్దమనిషి అలాగే రాసేవాడు, నేనూ అలాగే రాశాను, నా తర్వాతివాడికీ అదే నేర్పాను. ఆ అలవాటునే ఈ రిజిస్టరులోకి తెచ్చాను. రానివాళ్ళందరి ఎదుటా 'తగ్గింది' అని రాసేశాను. ఖాళీ కాలమ్ చూస్తే నాకు చిరాకు. ఆ రాయడంలో నాకు తప్పు చేస్తున్న భావన కూడా కలగలేదు, పైగా పని పూర్తి చేసినట్టు ఉండేది.

సిస్టర్ ఒకరోజు నా భుజం మీదుగా రిజిస్టరు చూసింది.

"భయ్యా, ఈళ్ళంతా ఎప్పుడొచ్చి సెప్పారు?"

"రాలేదంటే తగ్గినట్టే కదా సిస్టర్."

"ఐసా కైసే? వచ్చినోళ్ళు కూడా సబ్ కే సామ్నే, అందరి ముందర, మీకేటి సెప్తారు? మగోడు అడిగితే ఎవులైనా ఆఁ తగ్గిందనే అంటారు. ఒకసారి నాతో లైన్లోకి రండి, నేను అడుగుతాను."

టీకాల పని చూసుకోమన్నాను. నవ్వుతూనే అన్నాను, కానీ ఆ మాట ఆమెకు తగిలిందని తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె నా బల్ల వైపు రాలేదు.

ఆ రోజుల్లోనే మూడో వరుసలో ఉండే ఒకామె వచ్చింది. హట్ బే నుంచి వచ్చిన చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. డబ్బాను కొంగు కింద పెట్టుకొని నిలబడింది. వెనక పది మంది ఉన్నారు. ఎన్నాళ్ళ నుంచని అడిగాను, నాలుగు రోజులంది. జ్వరం ఉందా అంటే లేదని తల ఊపింది. తర్వాతి కాలమ్ గర్భం. ఆ రోజు సిస్టర్ లేదు. పది మంది వింటుండగా పరాయి ఆడమనిషిని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. కడుపు ఎత్తుగా కనిపించలేదు. 'లేదు' అని రాసి, డబ్బాలో కషాయం పోశాను.

"మూడో రోజు తప్పకుండా రావాలమ్మా" అన్నాను.

"అలాగే అన్నయ్యా" అంది.

మూడో రోజు రాలేదు. నేను 'తగ్గింది' అని రాశాను.

నాలుగైదు రోజుల తర్వాత సిస్టర్ గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది. "మూడో లైన్ అమ్మాయి కుళాయి కాడ కనపడట్లేదు. మీ దగ్గరికొచ్చిందా?"

"వచ్చింది, కషాయం ఇచ్చాను. తగ్గిపోయుంటుంది" అన్నాను. మర్నాడు నేను పెద్ద ఆఫీసుకు వెళ్ళాలి. రిజిస్టరులో తగ్గినవాళ్ళ లెక్క ఎర్ర సిరాతో కూడుతూ, తల కూడా ఎత్తలేదు. మూడో వరుస మా గదికి ఎంత దూరమో చెప్పనా? నూరు అడుగులు కూడా లేదు.

డాక్టరుకు మా ఫలితాలు చూసి ముచ్చటేసింది. పైవాళ్ళకు చూపిద్దామన్నాడు. అబర్డీన్ బజార్ పైవైపున ఉన్న ఆరోగ్య శాఖ ఆఫీసులో చిన్న సమావేశం. ఇస్త్రీ చొక్కా వేసుకొని, రిజిస్టరుకు కొత్త అట్ట వేసి తీసుకెళ్ళాను. డాక్టరు చక్కగా చెప్పాడు, నా గురించీ మా అమ్మ గురించీ కూడా చెప్పాడు. పెద్దవాళ్ళు తలలు ఊపారు. వాళ్ళలో ఒకాయన, తెల్లజుట్టు మనిషి, రిజిస్టరు పేజీలు తిప్పి అడిగాడు.

"మూడో రోజు రానివాళ్ళు ఎవరూ లేరా?"

డాక్టరు నా వైపు చూశాడు. అతనికి తెలియదు. రిజిస్టరు నాది, అతను నన్ను నమ్మాడు.

"అందరూ వచ్చారు సార్" అన్నాను.

అంతవరకు నేను చేసింది అలవాటు. ఆ క్షణంలో చేసింది అబద్ధం. తేడా నాకు అప్పుడే తెలుసు, ఇవాళ కొత్తగా తెలుసుకున్నది కాదు. అయినా మెట్లు దిగుతుంటే గాల్లో తేలినట్టుంది. డాక్టరు ఆఫీసు జీపులో ముందే తిరిగి వెళ్ళాడు. నేను బజారులో జిలేబీ కట్టించుకొని, బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఈ విషయం అమ్మకు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను.

మధ్యాహ్నం షెడ్ల దగ్గర దిగేసరికి డిస్పెన్సరీ ముందు జీపు ఆగి ఉంది. నలుగురు ఒక మడత మంచాన్ని మోసుకొస్తున్నారు. ఆ ఎండలో మంచం మీద మనిషికి రెండు దుప్పట్లు కప్పారు, అయినా మంచం కోళ్ళు కూడా కదిలేంతగా వణుకుతోంది. పక్కనే నడుస్తున్న సిస్టర్ నన్ను చూసింది.

"మూడో లైన్ అమ్మాయి. రెండు రోజులుగా ఇలాగే ఉందంట, ఎవులికీ సెప్పలేదు. నడుము ముట్టుకోనివ్వట్లేదు." మంచం వదిలి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నాలుగో నెల భయ్యా. నాకే ఇవాళ సెప్పింది. మీ రిజిస్టర్లో ఏటి రాసారు?"

రిజిస్టరు నా చంకలో ఉంది. జిలేబీ పొట్లం చేతిలో ఉంది. డాక్టరు ఆమె నాడి చూస్తూనే జీపెక్కాడు. సిస్టర్ కూడా ఎక్కింది. నేను అక్కడే నిలబడిపోయాను.

ఇన్ఫెక్షన్ పైకి, మూత్రపిండాల దాకా పాకింది. పెద్దాసుపత్రిలో సూదులు వేసి ఆమెను బతికించారు. కడుపు నిలవలేదు. మర్నాడు సిస్టర్ ఇంకో మాట కూడా చెప్పింది, నా మొహం చూడకుండా, టీకాల డబ్బా సర్దుతూ. హట్ బేలో అల వచ్చినప్పుడు ఆమె చేతిలోంచి మూడేళ్ళ కూతురు జారిపోయింది. ఆ తర్వాత ఆమెకు మిగిలిన ఆశ ఈ కడుపే.

నేను ఆ సాయంత్రమే డాక్టరుకు అంతా చెప్పాను. అడగకుండా 'లేదు' అని రాయడం, రానివాళ్ళకు 'తగ్గింది' అని రాయడం, ఆఫీసులో ఆడిన అబద్ధం. అతను కోప్పడితే బాగుండేది. రిజిస్టరు తెరిచి ఆమె పేరున్న గీత మీద వేలు పెట్టాడు.

"కషాయం వల్ల కాదండీ ఇది" అన్నాడు. "ఆలస్యం వల్ల. మూడో రోజున ఎవరైనా వెళ్ళి చూసుంటే, జ్వరం లేని రోజుల్లోనే మాత్రలతో పోయేది."

ఎవరైనా అన్నాడు. నన్ను అనలేదు.

రెండు వారాలకు ఆమె తిరిగి షెడ్డుకు వచ్చింది. సిస్టర్‌ను బతిమాలి వెంట తీసుకొని వెళ్ళాను. చాప మీద గోడకు చేరబడి కూర్చొని ఉంది. ఆసుపత్రిలో ఎలా చూశారో, అన్నం తింటోందో లేదో సిస్టర్ అడుగుతోంది. ఏమని క్షమాపణ చెప్పాలో తెలియక నేను గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది.

"అన్నయ్యా, ఏటీ అనుకోకండి. మీరు అంత కట్టపడి కాసిచ్చిన మందు నేను తాగలేదు. మొదటి పూట తాగి, మిగిలింది ఎనకాల పారబోసినాను."

"ఎందుకమ్మా?"

ఆమె సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ చెప్పమన్నట్టు తల ఊపింది.

"తాగితే మళ్ళీ ఎల్లాలి గదా. ఆ లెట్రిన్ తలుపుకి గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకొని కూకోవాలి. మా ఆడోళ్ళం ఒకరికొకరం కాపు కాసుకుంటాం. తోడు దొరకనప్పుడు నీళ్ళే తాగం." తర్వాత నా వైపు తిరిగింది. "మూడో రోజు మీ కాడికొస్తే తాగినావా అని అడుగుతారు. అబద్ధం ఆడలేక రాలేదు."

ఆమె అబద్ధం ఆడలేక రాలేదు. ఆమె రాలేదు కాబట్టి నేను అబద్ధం రాశాను. చెప్పాలనుకున్న క్షమాపణ చెప్పకుండానే వచ్చేశాను. ఆమే నన్ను క్షమించమని అడిగాక, నేను అడగడానికి ఏ మాటా మిగిలినట్టు అనిపించలేదు. పిరికివాడికి ఏదో ఒక సాకు దొరుకుతుంది.

ఆ వారమంతా సిస్టర్ వెనక వరుస వరుసా తిరిగాను. నేను రిజిస్టరు పట్టుకొని దూరంగా నిలబడేవాణ్ణి, ఆమె లోపలికి వెళ్ళి అడిగి వచ్చేది. నేను 'తగ్గింది' అని రాసినవాళ్ళలో కొందరికి నిజంగానే తగ్గింది. అందులో కషాయం తాగినవాళ్ళున్నారు, తాగనివాళ్ళూ ఉన్నారు. కొందరు ఇంకా మంటతోనే తిరుగుతున్నారు. కొందరు బజారులో మందుల షాపుకెళ్ళి మాత్రలు కొనుక్కున్నారు. ఒక ముసలామె డబ్బాను అలాగే దాచిపెట్టింది, దానికి బూజు పట్టింది. అందరూ చెప్పిన మాట మాత్రం ఒకటే, గడియ.

ఇన్ని నెలలు నేను ఆ లెట్రిన్ల ముందు నుంచే రోజూ నడిచాను. తలుపులు ఊగుతుండడం చూశాను. మందు గురించి ఆలోచించేవాడికి తలుపు సంగతి ఎందుకు పడుతుంది? పనుల శాఖకు డాక్టరు ఉత్తరం రాశాడు, జవాబు రాలేదు. బతు బస్తీలో మనవాళ్ళ ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్ళి సంగతి చెబితే, షాపాయన డబ్బు మాట ఎత్తకుండా గడియలు, స్క్రూలు సంచిలో పోసి ఇచ్చాడు. ఒక ఆదివారం స్క్రూడ్రైవరు పట్టుకొని నేనే బిగించాను. రెండు వంకరగా పడ్డాయి. ఆ తర్వాత మంటతో వచ్చేవాళ్ళు తగ్గారని నాకనిపించింది. ఈసారి అంతకుమించి చెప్పను. అప్పటికే వానలు కూడా మొదలయ్యాయి, ఎండ తగ్గింది. గడియ వల్లో వాన వల్లో లెక్క రాయలేదు కాబట్టి తెలియదు.

ఇక మిగిలింది ఆ ఆఫీసుకు వెళ్ళిన తప్పుడు లెక్క. ఇద్దరం సంతకం పెట్టి ఉత్తరం పంపుదామని డాక్టరు చిత్తు రాశాడు. బాగా రాసి ఇస్తానని నేను తీసుకున్నాను. ఇంతలో అతని గడువు అయిపోయింది, ఓడెక్కి వెళ్ళిపోయాడు. వెళ్తూ, "ఆ ఉత్తరం మర్చిపోకండి" అన్నాడు. మర్చిపోలేదు. ఆ వారమే ఆఫీసు నుంచి నాకు ప్రశంసాపత్రం వచ్చింది. మా అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి ప్రోతరాపూర్ ఇంట్లో ముందు గదిలో పెట్టించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "నా కషాయానికి గవర్నమెంటోళ్ళు ఇచ్చారు" అనేది. ఆవిడ మొహం చూసి ఆ ఉత్తరం పంపలేకపోయాను. అమ్మ కోసమే ఆగానని చాలాకాలం అనుకున్నాను. అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచి ఎవరి కోసం ఆగానో మీరే చెప్పండి.

ఆ లెక్క ఆఫీసు కాగితాల్లోంచి ఎవరో రాసిన కరపత్రంలోకి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయి, చివరికి మా వీధి అమ్మాయి ఫోనులోకి వచ్చి నా గేటు తట్టింది.

కాబట్టి అమ్మాయీ, నువ్వు అడిగినదానికి జవాబు. పల్లేరు కాయలు మన పెద్దవాళ్ళు తరతరాలుగా వాడారు. అది అబద్ధం కాదు. వాటిని మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చేవాళ్ళు. నేను చదివినంతలో చిన్న చిన్న పరీక్షలే జరిగాయి. ఇన్ఫెక్షన్‌ను అవి పోగొడతాయని గట్టిగా చెప్పే రుజువు నాకు కనపడలేదు. బార్లీ, ధనియాలు కూడా అంతే. మా అమ్మ చేతి మందులో ఎంత పల్లేరో, ఎంత నీళ్ళో, ఎంత ఆవిడ ఎదురుగా నిలబడడమో విడదీసి చూసే అవకాశం ఒక్కసారి వచ్చింది, పాపమని చెప్పి నేనే పోగొట్టాను. అడిగినవాళ్ళకు నీళ్ళు బాగా తాగమని చెప్పు. తాగడానికి వాళ్ళకు వీలుందో లేదో కూడా అడుగు. జ్వరం, నడుము నొప్పి, రక్తం, కడుపుతో ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఏ కషాయం కోసమూ ఆగకుండా డాక్టరు దగ్గరికి పంపు. నువ్వు ఆడపిల్లవి, నీకు చెప్తారు. నాకు చెప్పనిది నీకు చెప్తారు.

కొన్నేళ్ళ కిందట, నేను రిటైరయ్యే ముందు, అబర్డీన్ బజార్ బస్టాండులో ఆ మూడో వరుస ఆమె కనిపించింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే వచ్చి పలకరించింది. పక్కన ఇంకొక ఆడమనిషి ఉంది, తోటికోడలట. మళ్ళీ పిల్లలు పుట్టారా అని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆమె చెప్పలేదు.

"ఈ అన్నయ్యే" అని తోటికోడలికి చూపించింది. "షెడ్లల్లో తలుపులకి గడియలు ఎయించిన అన్నయ్య. మా కోసం అంత సేసింది ఈ బాబొక్కడే."

తోటికోడలు చేతులు జోడించింది. అప్పుడైనా చెప్పాల్సింది. నీ పేరెదుట నేనేం రాశానో తెలుసా అమ్మా అని. వాళ్ళ బస్సు వచ్చింది. మెట్టు మీద నిలబడి ఆమె చెయ్యి ఊపితే, నేనూ ఊపాను.

ఆ రిజిస్టరు ఏ ఆఫీసు బీరువాలో ఉందో, చెదలు తిన్నాయో తెలియదు. దొరికితే అందులో దిద్దేవాణ్ణి. దొరకదు కాబట్టి ఇక్కడ దిద్దుతున్నాను. మూడో వరుస, హట్ బే, వయసు ఇరవై ఆరు. గర్భం: అడగలేదు. మూడో రోజు: ఆమె రాలేదు, నేను వెళ్ళలేదు.